మా నాయన చిరతలు, గాజుల లక్ష్మీనరసు చెట్టి

రెండు నెలలుగా ఒక తమ్ముడు మా క్లినిక్కుకి వస్తున్నాడు. సొంతూరు నాయుడుపేట పక్కన పల్లె, పని ఇక్కడ చెన్నైలో, అంబత్తూరులో. పవర్ ప్రెస్ కింద కుడిచేతి వేళ్ళు మూడు నలిగాయి. పుళ్ళు మానాయి గానీ వేళ్ళు కొయ్యబారిపోయాయి. వేడి మైనంలో ముంచి తీసి, ఒక్కో కణుపూ పట్టుకుని వంచుతుంటే "మెల్లగా అక్కా" అని కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. ఇరవై రెండేళ్ళుగా నా పని ఇదే. నలిగిన వేలు మళ్ళీ ముడుచుకోవడానికి ఎన్ని నెలలు పడుతుందో, ఒక్కోటి ఎందుకు ఎన్నటికీ ముడుచుకోదో నా చేతులకి తెలుసు.

అందుకే 1855 నాటి ఒక రిపోర్టులో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. పన్ను వసూలు కోసం మద్రాసు ప్రెసిడెన్సీలో రైతుల్ని పెట్టే హింసల మీద ప్రభుత్వమే వేసిన కమిషన్ రిపోర్టు అది. ఎక్కువగా వాడే పనిముట్టు పేరు తమిళంలో 'కిట్టి', తెలుగులో 'చీరత' అని అందులో ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో అలా రాశారు గానీ నా చెవికి అది చిరత అనే వినపడింది. రెండు కర్రముక్కల్ని ఒక కొసన కలిపి కట్టి, మధ్యలో మనిషి వేళ్ళు పెట్టి, నిమ్మకాయ పిండినట్టు పిండడం.

మా ఇంట్లో చిరతలంటే భజన. నెల్లూరు నుంచి వచ్చి షావుకారుపేటలో లెక్కలు రాసుకుంటూ బతికిన మా నాయన, ధనుర్మాసం తెల్లవారుజాముల్లో వాషర్‌మెన్‌పేట వీధుల్లో వాటిని వాయిస్తూ రాముడి పాటలు పాడేవాడు. ఆ చిరతలు ఇప్పటికీ అటక మీద పెట్టెలో ఉన్నాయి. ఆ రాత్రి దించి, రెండు చెక్కల మధ్య నా ఎడమచేతి వేళ్ళు పెట్టుకుని కుడిచేత్తో నొక్కాను. కొంచెమే నొక్కాను. ఒక బంట్రోతు తన బలమంతా పెడితే ఏమవుతుందో నేను ఊహించుకోనక్కర్లేదు, రోజూ చూస్తున్నాను.

ఇంకొక పద్ధతి, మనిషిని వంచి తలని కాలి వేళ్ళకి తాడుతో కట్టి ఎండలో వదిలెయ్యడం. కొద్ది రూపాయల బాకీకి కూడా చేశారు.

ఈ కమిషన్ రావడానికి కారకుడు మన పట్నం తెలుగువాడు, గాజుల లక్ష్మీనరసు చెట్టి. పుట్టింది 1806లో. తండ్రి సిద్ధులు చెట్టిది నీలిమందు, బట్టల వ్యాపారం. కొడుకు దాన్ని పెంచి బాగా గడించాడు. అక్కడితో ఆగి ఉంటే ఆయన పేరు ఇవాళ నేను రాసేదాన్ని కాదు.

1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు. దొరల భాషలోనే దొరల్ని అడగాలని ఆయన పట్టుదల అని నాకు అనిపిస్తుంది. గవర్నరు ట్వీడేల్ ప్రభుత్వ బడుల్లో బైబిలు పాఠంగా పెట్టాలని చూసినప్పుడు మహజర్లు, అంటే అందరి సంతకాలతో అర్జీలు, రాయించి, సభలు పెట్టించి నిలబడ్డాడు. ఆ పోరాటాలు ఆనాడు ఎంతో పెద్దవే. నా మనసు మాత్రం 1852 తర్వాత ఆయన చేసిన పని మీదే ఉండిపోయింది.

ఆ ఏడాది మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టి, ఈస్టిండియా కంపెనీ పాలనకి అనుమతిచ్చే చార్టరు మళ్ళీ పొడిగించే ముందు లండన్ పార్లమెంటుకి అర్జీ పంపారు. భూమి పన్ను, ఉప్పు ధర, కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగే వ్యాజ్యాలు, చదువు, అన్నీ అందులో ఉన్నాయి. 1853లో డాన్బీ సీమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చాడు. లక్ష్మీనరసు చెట్టి ఆయన్ని వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పి, రైతుల పరిస్థితిని కళ్ళారా చూపించాడు. మరుసటి ఏడు సీమూర్ ఈ హింసల సంగతి కామన్స్ సభలో లేవనెత్తాడు. అప్పటికి గానీ మద్రాసు ప్రభుత్వం కదల్లేదు. 1854లో ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో కమిషన్ వేసింది.

ఆ కమిషన్‌కి 1,959 ఫిర్యాదులు అందాయి. 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు. రాయపురంలో మన మొదటి రైలు కదిలింది 1856లో. అంటే వీళ్ళంతా నడిచో బండ్ల మీదో వచ్చారు, కొందరు వందల మైళ్ళ నుంచి. ఊళ్ళో తాసీల్దారు చేతిలోనే పన్నూ ఉంది, పోలీసూ ఉంది. బాకీ అడిగేవాడికీ కొట్టేవాడికీ ఫిర్యాదు తీసుకునేవాడికీ అధికారి ఒక్కడే. తిరిగి వెళ్ళాక మళ్ళీ ఆ మనిషి కిందే బతకాలని తెలిసి కూడా వచ్చారు. ఆ 519 మందికి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

రిపోర్టులో నాకు కోపం తెప్పించేది ఒకటుంది. హింస నిజమేనని ఒప్పుకుని, తప్పంతా కింది నౌకర్ల మీద, నేటివుల మీదే వేశారు. బంట్రోతు చేతిలో కర్ర ఉంది, సరే. పంట పోయినా ఇంత కట్టి తీరాలని పైనుంచి లెక్క పంపింది ఎవరు? ఆ లెక్క ఇంగ్లండుకి చేరాల్సిందే కదా.

ఫలితం లేకపోలేదు. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి, పన్ను వసూలు నుంచి పోలీసుని వేరు చేశారు. మద్రాసు శాసనమండలి సభ్యుడు సదగోపాచార్లు గారు పోయాక లక్ష్మీనరసు చెట్టికి అందులో చోటిచ్చారు, బిరుదూ ఇచ్చారు. 1868లో ఆయన కన్ను మూసేనాటికి, తండ్రి ఇచ్చిందీ తాను గడించిందీ కరిగిపోయింది. ఆయన వేళ్ళ మీద ఎవరూ కిట్టి పెట్టలేదు. అయినా ఎక్కడో పల్లెల్లో నలిగిన వేళ్ళ కోసం ఇంత ధారపోశాడంటే, నాకు ఆయన ఇంటి మనిషిలా కనిపిస్తాడు.

మైనం ఆరేలోపు ఇదంతా మా తమ్ముడికి చెప్పాను. కాసేపు తన చేతినే చూసుకున్నాడు.

"అంత దూరం నడిచి వచ్చారా అక్కా, ఆ చేతుల్తో?"

"వచ్చార్రా."

"ఎవురన్నా రాసుకుంటారంటే వస్తారు లేక్కా" అన్నాడు. తనని పనిలో పెట్టుకున్నవాళ్ళు ప్రమాదం సంగతి ఏ కాగితం మీదా ఎక్కించలేదని అప్పుడు చెప్పాడు.

బుధవారం అతని చూపుడువేలు అరచేతికి రెండు సెంటీమీటర్ల దూరం దాకా వచ్చింది. తేదీ వేసి, ప్రమాదం ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందో అతని నోటితో చెప్పించుకుని, మొత్తం నా పుస్తకంలో రాశాను. కింద అతని ఎడమచేతి సంతకం ఉంది.