మా అమ్మాయి గుర్రానికి నడుం పట్టేసింది: నా అనుభవం

గుర్రాల వెన్ను చేతులతో సరిచేసే ఒకావిడకి ఫోన్ చేస్తే, మొదటి ఫోన్‌లో అపాయింట్‌మెంటే ఇవ్వలేదు. "మీ వెట్, అంటే పశువైద్యుడు, చూశారా? చూసి సరేనన్నారా? అది లేకుండా నేను గుర్రం మీద చెయ్యి వెయ్యకూడదు" అంది. నాకు చిర్రెత్తింది. డబ్బులిస్తామంటుంటే ఈ వంకలేమిటి అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఇంగ్లండ్‌లో 1966 నాటి వెటర్నరీ సర్జన్స్ చట్టం ప్రకారం జంతువులకు వైద్యం చేయాల్సింది పశువైద్యులే. చేతులతో వెన్ను సరిచేసేవాళ్లకు మినహాయింపు ఉంది గానీ, వెట్ సరేనన్నాకే.

నిజానికి గుర్రం మాది కూడా కాదు. మేముండేది బిస్టర్‌లో. మా పన్నెండేళ్ల అమ్మాయి వారానికి మూడు రోజులు ఒక పోనీ (పొట్టి రకం గుర్రం) మీద స్వారీ చేస్తుంది, దాని ఖర్చులు ఓనరుతో కలిసి పంచుకుంటాం. పేరు టాఫీ. అక్టోబరు నుంచి దాని వరస మారింది. పొట్ట కింద పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చి కరవబోయేది. కుడివైపు చుట్లు బాగానే కొట్టేది, ఎడమవైపు తిప్పితే కాళ్లు తడబడేవి. ఒకరోజు వెనక కాళ్లు ఎగరేసి మా పిల్లను ఇసకలో పడేసింది. గుర్రపుసాలలో అందరిదీ ఒకటే మాట: పొగరెక్కింది, చలికాలం వస్తే అంతే, కర్ర పట్టుకోండి. నేనూ నమ్మేవాణ్ణే. అమ్మాయే ఒప్పుకోలేదు. "పొగరు కాదు నాన్నా. జీను తీసి వీపు తుడుస్తుంటే కిందికి కుంగిపోతోంది, చూడు" అంది. చూశాను. బ్రష్ తగలగానే వీపు నిజంగానే కుంగింది.

ఓనరుతో మాట్లాడి వెట్‌ను పిలిపించాం. ఆయన గట్టి నేల మీద నడిపించి, పరుగెత్తించి, ఒక్కో కాలూ కాసేపు మడిచి పట్టుకుని వదిలి మళ్లీ పరుగెత్తించాడు. వెన్నుపూసల మీద నిలువుగా లేచే ఎముకలు ఒకదానికొకటి రాసుకునే జబ్బు ఒకటుంది, కిస్సింగ్ స్పైన్స్ అంటారు. అదేమోనని సాలలోనే ఎక్స్‌రే తీశాడు. ఆ పది నిమిషాలూ నాకు ఒకటే టెన్షన్. అది లేదు, కండరాలు పట్టేశాయంతే అన్నాడు. "ఆవిడతో చేయించుకోండి. కానీ ఈ థెరపీ మీద గట్టి పరిశోధనలు తక్కువ, మహిమలు ఆశించొద్దు. జీనూ, పళ్లూ కూడా చూపించండి" అన్నాడు. ఆ ముక్కుసూటి మాట నాకు నచ్చింది. బిల్లు నచ్చలేదు. మా ఆవిడైతే, "నాకు నడుం నొప్పంటే జండూబామ్, గుర్రానికి స్పెషలిస్టా?" అని ఆ వారమంతా వాయించింది.

ఆ థెరపీ ఆవిడ వచ్చిన రోజు సన్నగా వాన. వెన్ను సరిచేయడమంటే నాకు తెలిసింది మన మంగలి షాపే. తల రెండు చేతులతో పట్టుకుని, ఒక్క తిప్పు తిప్పి టక్కుమనిపిస్తారు చూడండి, అది. అంత పెద్ద జంతువుని ఈ సన్నపాటి మనిషి ఎలా టక్కుమనిపిస్తుందా అని చూస్తున్నాను. అసలు చప్పుడే లేదు. ముందు టాఫీని సమంగా నిలబెట్టింది. స్టూలెక్కి వెనక నుంచి తుంటి ఎముకలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని చూసింది. తర్వాత చెవుల వెనక నుంచి తోక మొదలు దాకా వేళ్లతో ఒక్కో పూస తడుముతూ పోయింది. మెడలో 7, మనకున్నన్నే. వీపులో 18, నడుములో 6, ఆ వెనక కలిసిపోయినవి 5. ఎడమ నడుం దగ్గర ఆగింది. ఒక చేతి మీద ఇంకో చెయ్యి పెట్టి, గభాలున చిన్న తోపు తోసి వెంటనే తీసేసింది. ఈగను తోలినట్టుంది. "ఇంతేనా?" అన్నాను. నవ్వింది. "ఎముక జరిగిపోలేదు, నేను దాన్ని తిరిగి పెట్టనూ లేదు. బిగుసుకున్న చోట త్వరగా ఒక కదలిక ఇస్తే చుట్టూ కండరం వదులవుతుంది" అంది.

అప్పటిదాకా తల పైకెత్తి నిలబడ్డ టాఫీ మెల్లగా తల దించింది. కింది పెదవి వేలాడేసింది. ఏదో నములుతున్నట్టు దవడ ఆడించి, పళ్లన్నీ కనబడేలా మూడుసార్లు ఆవులించింది.

ఈ పద్ధతి పేరు మెక్‌టిమనీ. మా పక్క ఊరు బాన్‌బరీలో ప్రాక్టీసు చేసిన జాన్ మెక్‌టిమనీ మనుషుల కోసం మొదలుపెట్టి, 1950ల్లో జంతువులకూ మలిచాడట. ఆవిడ కుక్కల్నీ చూస్తుంది. కానీ డాక్స్‌హండ్ లాంటి పొడుగు నడుం కుక్కకి ఉన్నట్టుండి వెనక కాళ్లు పడిపోతే ముట్టుకోదు, నేరుగా ఆస్పత్రికే పంపుతుంది.

వెళ్లేముందు వీపు మీద పిడికెడు తెల్ల వెంట్రుకలు చూపించింది. ఏళ్ల తరబడి జీను ఒత్తిన చోట అలా తెల్లబడతాయట. ఆ రాత్రి ఫోన్‌లో అమ్మకి చెబితే, "మీ తాతయ్యయితే ఎద్దు మొరాయిస్తే ముందు కాడి చూసేవాడురా, తర్వాతే ఎద్దుని" అంది. జీను సరిచేసేవాణ్ణి పిలిపించాం. లోపలి ఉన్ని ఒకపక్క గడ్డకట్టి ఉంది. విప్పి మళ్లీ కూరాడు. పళ్లు బాగానే ఉన్నాయి.

రెండు రోజులు స్వారీ లేదు, చేత్తో పట్టుకుని నడిపించడమే. తర్వాత రోజూ క్యారెట్ కసరత్తు. ముక్కను ముందు కాళ్ల మధ్యకి, తర్వాత పట్టీ దగ్గరికి, తర్వాత తొడ దాకా చూపించాలి. అది కాళ్లు కదపకుండా తల తిప్పి అందుకోవాలి. బడి రోజుల్లో ఆ డ్యూటీ నాదే. గుర్రమంటే భయపడే నేను ఇప్పుడు దాని డొక్క పక్కన నిలబడి మీటింగులు వింటున్నాను.

మూడు వారాలకి ఆవిడ మళ్లీ వచ్చింది. డిసెంబర్లో ఒక ఆదివారం పట్టీ బిగిస్తుంటే టాఫీ చెవులు వాల్చలేదు. ఎడమవైపు రెండు చుట్లు హాయిగా కొట్టి, మూడోదానికి తడబడింది. తోపు పనిచేసిందా, జీనా, రెస్టా అంటే చెప్పలేను. నా ఓటు జీనుకే, మా అమ్మాయి ఓటు ఆవిడకి. ఆవిడకి మెసేజ్ పెడితే ఆరు వారాల తర్వాత చూస్తానంది, అప్పటిదాకా క్యారెట్లు ఆపొద్దంది.