చింతగింజలు పోసినా తేలని నాలుగో లైన్

జట్టులో కొట్లాటలకు, గుద్దులకు పెట్టుకునే మొరటోళ్లు ఉంటే లాభమా, అందరూ పనితనం ఉన్నవాళ్లే ఉంటే లాభమా అని తేల్చడానికి ఇంట్లో కార్డులు, పాచికలతో ఐస్ హాకీ ఆడిస్తున్నా. ఈమధ్య ఒక రాత్రి సిరీస్‌లో ఐదో మ్యాచ్ 8–2తో ముగిసింది. ఐస్ హాకీలో అంత స్కోరు రాదని కాదు, ఎప్పుడో ఒకసారి వస్తుంది. కానీ వరసగా మూడో సిరీస్‌లో కూడా ఐదో మ్యాచ్‌కి వచ్చేసరికి తెల్ల జట్టు డిఫెన్స్ గోదాట్లో కొట్టుకుపోయిందంటే అది ఆట కాదు, నా లెక్కలో ఎక్కడో బొక్క ఉంది. రెండు నెలల నుంచి ఈ బొక్క కోసమే వెతుకుతున్నా. నెల్లూరులో రోహిణి కార్తె ఎండలు, ఫ్యాన్ వేస్తే కార్డులు ఎగురుతాయి, తీసేస్తే చెమట చుక్కలు కార్డుల మీద పడతాయి. నేనేమో మంచు మీద ఆట ఆడుతున్నా.

పాచికలకు పది ముఖాలు, 0 నుంచి 9 దాకా; రెండు కలిపి విసిరితే 00 నుంచి 99 దాకా ఒక సంఖ్య, అది కార్డు మీది సంఖ్య కంటే తక్కువైతే షాట్. మ్యాచ్‌కి 60 నిమిషాలు, నిమిషానికి ఒక్కో జట్టుకు ఒక్కో విసురు. ఫార్వర్డ్‌లు ముగ్గురేసి ఒక లైన్‌గా మంచు మీదికి దిగుతారు, అలాంటి నాలుగు లైన్లకు 20, 17, 14, 9 నిమిషాలు పంచా. షాట్ పడే అవకాశం లైన్ల వారీగా నూటికి 55, 52, 48, 40. షాట్ పడితే నీలం పాచిక, సున్నా వస్తే గోల్. అంటే జట్టుకు సుమారు 30 షాట్లు, 3 గోల్స్, అసలు ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల పెద్ద హాకీ లీగ్) మ్యాచ్‌లో పడేటంత. తప్పు చేసినవాడు పెనాల్టీ బాక్సులో కూర్చున్నంత సేపు అవతలి జట్టుకు పవర్ ప్లే, అందులో ప్రతి నిమిషం షాట్ ఖాయం, ఒక మనిషి తక్కువైన జట్టుకు షాట్ లేదు. దాంతో రెండు నిమిషాల పెనాల్టీకి గోల్ పడే అవకాశం 19 శాతం వస్తుంది, అక్కడి సగటు కూడా 20 దరిదాపుల్లోనే. ఇదంతా మొదటి వారంలోనే కుదిరింది.

కుదరంది ఒక్కటే, మొరటోళ్లు.

తెల్ల జట్టులో 12 మంది ఫార్వర్డ్‌లూ పనితనం ఉన్నవాళ్లే. నల్ల జట్టులో మొదటి మూడు లైన్లు అచ్చం అవే కార్డులు, నాలుగో లైన్లో మాత్రం ముగ్గురు మొరటోళ్లు, షాట్ సంఖ్య 40 బదులు 28. వాళ్లు మంచు మీదున్న ప్రతి నిమిషానికీ ఇంకో విసురు: 00 నుంచి 04 అయితే కొట్లాట, 05 నుంచి 09 అయితే మామూలు పెనాల్టీ. 40 మ్యాచ్‌లు ఆడించా. తెల్లోళ్లు 25, నల్లోళ్లు 15. గోల్స్ 126–104.

చూడగానే ‘అదీ, మొరటోణ్ణి పెడితే ఇంతే’ అనుకుని నోట్‌బుక్ మూసేశా. తర్వాత పడుకుని లెక్కేస్తే నిద్ర పట్టలేదు. 40కీ 28కీ తేడా 12, తొమ్మిది నిమిషాలకు ఒక్క షాట్ తగ్గింది అంతే. ఒక్క షాట్ అంటే గోల్‌లో పదో వంతు, 40 మ్యాచ్‌లకు కలిపినా నాలుగు గోల్స్. మరి తేడా 22 ఉందే? మిగతా 18 ఎవరు తిన్నారు?

పొద్దున లేచి స్కోరు పుస్తకం మొత్తం తిరగేశా. కొట్లాటలు 24, మామూలు పెనాల్టీలు 26. పెనాల్టీలు 52 నిమిషాలు, అవి ఓ ఐదు గోల్స్ ఖరీదు, సరే. కొట్లాటకు 5 నిమిషాలు, 24 కొట్లాటలకు 120 నిమిషాలు, అంటే రెండు పూర్తి మ్యాచ్‌లంత సేపు నల్ల జట్టు నలుగురితోనే ఆడింది! నిజానికి కొట్లాటలో ఇద్దరూ బాక్సులో కూర్చుంటారు, మంచు మీద మళ్లీ ఐదుగురికి ఐదుగురే. ఈ రూల్ నాకు తెలియక కాదు, పొద్దున ఐదున్నరకు లేచి ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లు) చూసే మనిషికి అది తెలియకపోవడం ఏంటి. పట్టిక రాసేటప్పుడు 5 అంకెను పక్క గడిలో వేశా, అంతే. మా బావమరిది సింగరాయకొండ నుంచి ఆదివారం వస్తే చెప్పా. ‘రెండు నెలలు నీ పెన్నే కొట్లాడింది బావా’ అన్నాడు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. తెల్ల జట్టులో కొట్టేవాడే లేనప్పుడు నల్లోడు ఎవరితో కొట్లాడతాడు? అవతలోడు గ్లవ్స్ తీయకపోతే మనోడికి ఒక్కడికే రెండు నిమిషాలు పడతాయి. కొట్లాట మొదలుపెట్టినవాడికి అదనపు శిక్ష కూడా ఉంది. కొట్లాటకే పుట్టిన ఆటగాళ్లు తగ్గిపోవడానికి అదొక్కటే కారణం కాదు కానీ, అదీ ఒకటి.

పట్టిక దిద్ది మళ్లీ 40. తెల్ల 21, నల్ల 19, గోల్స్ 119–112. బాగుంది. కానీ దీనర్థం ఏంటి? మొరటోళ్ల వల్ల నష్టం తగ్గింది, లాభం మాత్రం సున్నా. లాభమే లేకపోతే నిజం జట్లు వాళ్లకు డబ్బులెందుకు ఇస్తాయి?

ఇక్కడ పాత వాదం ఒకటుంది, భయం వాదం. ఎడ్మంటన్ జట్టు స్టార్ గ్రెట్జ్కీ పక్కన కాపలాకి మొరటోడు సెమెంకో ఉండేవాడు, తర్వాత మెక్‌సోర్లీ. 1988 ఆగస్టులో గ్రెట్జ్కీని లాస్ ఏంజెలిస్‌కి ఇచ్చేసినప్పుడు మెక్‌సోర్లీ కూడా వెంట వెళ్లాడు. మంచివాడి మీద చెయ్యేస్తే వీడొస్తాడన్న భయంతో అవతలి జట్టు సగం ఒదిగి ఆడుతుందంటారు. సరే చూద్దామని ‘భయం’ పేరుతో తెల్ల జట్టు మొదటి లైన్ షాట్ సంఖ్యలో 5 తగ్గించా. 20 మ్యాచ్‌లు. నల్లోళ్లు 13–7! ఎగిరి గంతేశా, ఇంట్లో వాళ్లను లేపి మరీ చెప్పా. తర్వాత లెక్కేస్తే 20 నిమిషాలకు 5 శాతమంటే మళ్లీ ఒక్క షాటే. ఒక్క షాటుకి 13–7 ఎలా వస్తుంది? ఇంకో 20 ఆడిస్తే నల్లోళ్లు 9–11తో ఓడారు. ఉత్త పాచికల పుణ్యం. 20 మ్యాచ్‌లు చూసి సంబరపడకూడదని ప్రతిసారీ అనుకుంటా, ప్రతిసారీ సంబరపడతా. పైగా ఆ 5 ఎక్కడి నుంచి వచ్చింది? నా బుర్రలోంచి. బెంచీ మీద కూర్చున్న మనిషి మొహం చూసి అవతలోడి షాట్ తగ్గిందని ఎలా కొలుస్తాం? తీసిపారేశా.

అనుమానం పాచికల మీదికి మళ్లింది. 40 మ్యాచ్‌లకు 24 కొట్లాటలు ఎక్కువే, నా అంచనా 18. పదుల స్థానానికి వాడే ఎర్ర పాచికను 300 సార్లు విసిరా. ప్రతి అంకె ఓ 30 సార్లు రావాలి, సున్నా 41 సార్లు వచ్చింది. గాజు గ్లాసులో రాళ్ల ఉప్పు ఇక కరగనంత వరకు కలిపి పాచికను తేల్చి వేలితో తడితే, పదిసార్లలో ఏడుసార్లు సున్నా పైకి తేలింది. నా పట్టికలో కొట్లాటలు, పెనాల్టీలు అన్నీ 00–09 లోనే ఉన్నాయి, అంటే ఎర్రది సున్నా పడ్డప్పుడే. పాపం నల్లోళ్లు రెండు నెలలు చేయని తప్పులకు కూడా బాక్సులో కూర్చున్నారు. అది ఆన్‌లైన్లో తెప్పించిన చవక సెట్, ఆశపడి కొనకండి. ఇప్పుడు చెసెక్స్ కంపెనీ పాచికలు వాడుతున్నా, 300లో సున్నా 28. ఖరీదే, కానీ అంచులు బాగున్నాయి, అంకెల రంగు కూడా పోవట్లేదు. ఎక్సెల్‌లో చేస్తే పది నిమిషాల్లో పదివేల మ్యాచ్‌లు అయిపోతాయి కదా అని అడిగేవాళ్లకు: అవుతాయి. మీరు చేసుకోండి. నాకు చేతిలో పాచిక గలగలమనాలి.

తర్వాత దెబ్బల లెక్క మొదలుపెట్టా. భయం కాకుండా ఒళ్లు అలసిపోవడం. నల్లోళ్ల నాలుగో లైన్ మంచు మీదున్న ప్రతి నిమిషానికీ గుద్దు తగిలే అవకాశం 30 శాతం, తగిలితే తెల్లోళ్ల మూడు డిఫెన్స్ జతల్లో ఒక జత కార్డు మీద ఒక చింతగింజ. జత మీద మూడు గింజలు చేరితే ఆ జత ఉన్నప్పుడు పడే షాటుకి నీలం పాచికలో సున్నా వచ్చినా ఒకటి వచ్చినా గోలే. మ్యాచ్‌కి సగటున మూడు గింజలైనా పూర్తిగా పడవు, అవీ మూడు జతల మీద చెదిరిపోతాయి. ఏ జతకైనా మూడు చేరేసరికి మ్యాచ్ అయిపోతోంది. 20 మ్యాచ్‌లు, 10–10. నేను గింజలన్నీ ఏరి డబ్బాలో పోస్తుంటే బావమరిది అడిగాడు, ‘గింజలు తీసేస్తున్నావేంది బావా? రాత్రికి రాత్రి నొప్పులు కూడా డబ్బాలోకి పోయినాయా?’

వాడు కాలేజీలో కబడ్డీ ఆడినవాడు. టోర్నమెంట్లో మొదటిరోజు పట్టిన పట్టు మూడోరోజు సెమీస్‌లో తెలుస్తుందంటాడు. నేనేమో ప్రతి మ్యాచ్‌కీ కొత్త ఒంటితో మనుషుల్ని దింపుతున్నా. సీజన్లో 80కి పైగా మ్యాచ్‌లు రకరకాల జట్లతో అయితే అది చెల్లుతుంది. ప్లేఆఫ్స్‌లో అదే జట్టుతో రోజు మార్చి రోజు ఏడు మ్యాచ్‌ల దాకా. టాంపా బే జట్టు సంగతే చూడండి. 2018–19 సీజన్లో 62 గెలిచింది, మొదటి రౌండ్లోనే కొలంబస్ చేతిలో 4–0. ఆ తర్వాత వాళ్లు తమ స్టార్లు కుచెరోవ్‌నో పాయింట్‌నో అమ్మేయలేదు, ఆ పనితనం అలాగే ఉంచి కింది లైన్లకు గుద్దే రకం మరూన్‌ని, కోల్మన్‌ని, గుడ్రోని తెచ్చుకున్నారు. 2020, 2021 రెండు స్టాన్లీ కప్పులూ (లీగ్ విజేతకిచ్చే కప్పు) వాళ్లవే. మరూన్‌కైతే అంతకుముందు 2019లో సెయింట్ లూయిస్‌తో వచ్చింది కలిపి వరసగా మూడు.

అందుకని గింజలు తీయకుండా సిరీస్ ఆడించా. ఇదిగో ఇక్కడే ఇరుక్కున్నా. ఆరు సిరీస్‌లు, నల్లోళ్లు 5–1. ప్రతి మ్యాచ్ చివర గింజలు సగటున 3, 5, 8, 11, 14. తెల్లోళ్లు తిన్న గోల్స్ 3, 3, 4, 5, 6. ఐదో మ్యాచ్‌కల్లా మూడు జతలూ గింజల కింద మునిగిపోతున్నాయి. మొదట చెప్పిన 8–2 అదే. పోనీ మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య సగం గింజలు తీసేస్తే? 3–3, డబ్బాలో పోసినట్టే. మూడో వంతు తీస్తే? నాలుగు సిరీస్‌లు అయ్యాయి, 2–2, నాలుగు చూసి ఏం చెబుతాం. 40 శాతం, 35 శాతం అంటూ ఇలా నొక్కుకుంటూ పోతే నాకు కావలసిన జవాబు వచ్చేదాకా నొక్కినట్టవుతుంది.

నా అనుమానాలు రెండు. ఒకటి, గుద్దినవాడికి నొప్పి లేదు. గుద్దితే ఇద్దరికీ తగులుతుంది, నల్లోళ్ల మీద ఒక్క గింజ కూడా లేకపోవడం అన్యాయం. రెండోది పెద్దది. దగ్గర స్కోరున్న ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఏ కోచ్ అయినా నాలుగో లైన్‌కి నిమిషాలు కోస్తాడు. 9 కాస్తా 6 అయితే గింజలు రెండుకి కూడా రావు, మొరటుతనం మొత్తం బెంచీ మీదే ఉంటుంది. అంటే మొరటోణ్ణి విడిగా ఒక గదిలో పెట్టడమే నా తప్పు. ఒంగోలు జాతి గిత్తల బండలాగుడుకి వెళ్లినవాళ్లకు తెలుసు, బలమైన గిత్తను తెచ్చి జోడీ కుదరనిదాని పక్కన కడితే బండ వంకరగా పోతుంది తప్ప ముందుకు రాదు.

ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ అనగానే అందరూ షుల్ట్జ్ పేరు చెప్తారు. 1974–75లో 472 పెనాల్టీ నిమిషాలు, ఇప్పటికీ అదే రికార్డు. 1974, 75 కప్పులు పిడికిళ్లతో వచ్చాయంటారు. ఆ రెండేళ్లూ ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు ఎవరు? గోల్‌కీపర్ బెర్నీ పేరెంట్. 74లో కప్పు తెచ్చిన ఆఖరి మ్యాచ్ 1–0, ఆ గోల్ మెక్‌లీష్ ది. కెప్టెన్ క్లార్క్ అయితే మొరటోడో పనిమంతుడో తేల్చలేం, రెండూ. నాకు కావలసింది ఆ కార్డు.

కాబట్టి ఇక రెండు సంఖ్యల కార్డులు. ఒక్కొక్కరికీ పనితనం ఒకటి, దెబ్బ ఒకటి. మొదటి లైన్లో షాట్ 55 నుంచి 51కి తగ్గించి దెబ్బ 30 ఇస్తే 20 నిమిషాలకు ఆరు గింజలు, పోయేది గోల్‌లో పదో వంతు కూడా కాదు. మరీ చవక బేరం, అలాంటోళ్లు అంత చవగ్గా దొరకరు. 2022లో ఫ్లోరిడా జట్టు, పనితనం మొరటుతనం రెండూ ఉన్న కచుక్ కోసం, అప్పుడే ముగిసిన సీజన్లో 115 పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి) చేసిన హ్యూబర్డోని, అతనితో పాటు డిఫెన్స్‌మన్ వీగర్‌ని, ఇంకా పైన కొంచెం ఇచ్చుకుంది. తర్వాత 2024, 2025 కప్పులు కొట్టింది కానీ, ఇచ్చింది తక్కువేం కాదు. కార్డులు ఎంచుకునేటప్పుడు ఈ ధర ఎలా పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు, ఒక్కో జట్టుకు 600 పాయింట్ల పరిమితి అని మొదలుపెడతా.

వచ్చే ఆదివారం 1976 ఫైనల్, ఫ్లయర్స్ మీద మాంట్రియల్. అసలు సిరీస్‌లో మాంట్రియల్ 4–0. ఫ్లయర్స్‌కి పేరెంట్ కార్డు వాడకూడదు, గోల్‌లో ఉంది స్టీఫెన్సన్. బావమరిది ముందే మాంట్రియల్ తీసేసుకున్నాడు, వాళ్ల స్టార్ లఫ్లూర్‌ని వదలడంట. డబ్బాలో గింజలు 54 ఉన్నాయి, ఈసారి రెండు జట్లకూ పడతాయి కాబట్టి కనీసం 120 కావాలి. వాణ్ణే సింగరాయకొండ నుంచి ఒక సంచిలో వేసుకుని రమ్మన్నా.