'రోడ్' నుంచి రాములవారి దాకా

"గుడి ఎటువైపండీ?"

ప్లాట్‌ఫామ్ మీద 'భద్రాచలం రోడ్' అన్న బోర్డు కనబడగానే పక్క బెర్తు పెద్దాయన బ్యాగులు సర్దుకుంటూ అడిగారు. ఇది కొత్తగూడెం, గుడికి ఇంకా 40 కిలోమీటర్లు బస్సులో వెళ్లాలి అని చెప్తే ఆయన మొహం చిన్నబోయింది. చాలా జాలేసింది. మొదటిసారి వచ్చినప్పుడు నాకూ అలాగే అయింది.

అమ్మా నేనూ రాత్రి సికింద్రాబాద్‌లో మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. డోర్నకల్ దగ్గర మెయిన్ లైన్ వదిలి ఈ రైలు బొగ్గు గనుల వైపు తిరుగుతుంది. బొగ్గుకు గోదావరి దాటే పని లేదు కదా, పట్టాలు ఈ ఒడ్డునే మణుగూరు వెళ్లిపోయాయి. రాములవారేమో అవతలి ఒడ్డున ఉన్నారు.

నిజానికి ఈ మొక్కు 2022 జూలైలోనే తీరాల్సింది. టికెట్లు తీసుకున్నాక వరదొచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు ఇస్తారు, ఆ ఏడాది నీళ్లు 71 అడుగులు దాటాయి. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. టీవీ ముందు నుంచి లేవకుండా, "ఆ కరకట్ట పక్కనోళ్లు ఎట్లున్నారో" అని అమ్మ రెండు రోజులు టెన్షన్ పడింది.

ఈసారి వెళ్లింది జనవరిలో. ఆటోలో బస్టాండుకు వెళ్లేసరికి ఇంకా చీకటే. ఆర్టీసీ బస్సు మెట్టు ఎత్తుగా ఉండి అమ్మ మోకాలు వంగలేదు. కండక్టర్ చెయ్యి అందించి, "నిమ్మళంగా ఎక్కు పెద్దమ్మా, బస్సు యాడికీ పోదు" అంది. ఆ మాటతో సగం అలసట పోయింది. ఆధార్ చూపిస్తే అమ్మకు జీరో టికెట్ కొట్టింది. వెల దగ్గర సున్నా ఉన్న ఆ చిన్న కాగితాన్ని అమ్మ నాలుగు మడతలు పెట్టి, దేవుడికని తెచ్చిన పసుపు కుంకుమ పొట్లాల పక్కన దాచుకుంది.

పాల్వంచ వచ్చేసరికి కేటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాల మీద ఎర్ర లైట్లు. కంచర్ల గోపన్న తహసీల్దారుగా పనిచేసిన పాల్వంచ ఇదే. ఇక్కడి శిస్తు సొమ్ముతో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలకు వెళ్లి రామదాసుగా మిగిలాడు. బస్సులో ఈ ఊరు దాటుతున్న ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత పెద్దమ్మ గుడి దగ్గర డ్రైవర్ స్పీడు తగ్గించి గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు, బస్సంతా చేతులు జోడించింది. సారపాకలో పేపర్ మిల్లు దాటాక అమ్మ నిద్ర లేచి కిటికీ అద్దం పక్కకు జరిపింది.

వంతెన.

1965లో దీన్ని అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఇప్పుడు పక్కనే రెండోది కూడా వచ్చింది. వంతెన లేని రోజుల్లో, ఏడెనిమిదేళ్ల వయసులో, అమ్మ వాళ్ల నాయనమ్మతో పడవలో దాటిందట. "నాయనమ్మ నా జడ గట్టిగా పట్టుకుని కూర్చుంది, నేను నీళ్లల్లో పడిపోతానని" అంది. చలికాలం గోదావరి అడుగున ఇసుక మేటలు, వాటి మధ్య పాయలు. బస్సు దాటడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

దర్శనం తొందరగానే అయింది. ఎడమ తొడ మీద సీతమ్మను కూర్చోబెట్టుకున్న స్వామిని అమ్మ కళ్లార్పకుండా చూసింది. ఎక్కువసేపు గడిపింది మాత్రం స్నానఘట్టం మెట్ల మీదే. భద్రాచలం మీదుగా ఒడిశాలోని మల్కన్‌గిరికి రైల్వే లైనుకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుందని అక్కడే చెప్పాను. అవతలి ఒడ్డున, మణుగూరు లైన్లో ఉన్న పాండురంగాపురం దగ్గర మొదలవుతుందన్నాను.

"అయితే రైలు నది దాటుతదా?"

"దాటుతుందమ్మా."

అమ్మ చాలాసేపు నీళ్ల వైపు చూసింది. తర్వాత అవతలి ఒడ్డున ఒక చెట్ల గుంపు చూపించి, "పడవ ఎక్కింది అక్కడే అనుకుంటా" అంది.