గ్రాఫులో బూడిదరంగు పట్టీ

ఈ రోజు చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. నాలుగో చాప్టర్‌లో బొమ్మల కింద రాతలు సరిచేశాను. విషయసూచికలో పేజీ నంబర్లు ఎందుకు మారిపోతున్నాయో కనిపెట్టేసరికి మధ్యాహ్నమైంది. తర్వాత మా గైడ్ మేడంతో మీటింగు, సాయంత్రం ల్యాబ్‌లో డీప్ ఫ్రీజర్ ఖాళీ చేసే పని. థీసిస్ చివరికొచ్చిందంటే ఏవో గొప్ప ఆలోచనల్లో మునిగి తేలుతుంటామనుకుంటారు బయటివాళ్ళు, మేమేమో మార్జిన్లు కొలుచుకుంటూ కూర్చుంటాం.

నా పని సరస్సు అడుగున పేరుకున్న మట్టి మీద. గొట్టం దింపి నిలువుగా తీసిన మట్టిని పలచటి ముక్కలుగా కోసి, ఒక్కో పొరలో ఉన్న డయాటమ్‌లను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాలి. డయాటమ్‌లంటే నీళ్ళలో బతికే ఏకకణ జీవులు, చుట్టూ సిలికా పెంకు కట్టుకుంటాయి కాబట్టి చాలాచోట్ల వేల ఏళ్ళయినా ఆ పెంకు మట్టిలో నిలిచే ఉంటుంది. ఏ రకం ఎక్కువగా కనిపిస్తోందో చూసి, ఆ కాలంలో నీళ్ళు ఉప్పగా ఉండేవా, సరస్సు లోతుగా ఉండేదా అన్నది అంచనా వేస్తాం. స్లైడుకు మామూలుగా 300 నుంచి 500 దాకా లెక్కపెడతారు. కళ్ళు లాగేస్తాయి, మెడ పట్టేస్తుంది, అంతకుమించి పెద్ద ఖర్చు లేదు. ఖర్చంతా ఆ పొర ఎప్పటిదో తేల్చడానికే. పైపొరలకు సీసం-210 అనే రేడియోధార్మిక సీసం వాడతాం, దాని అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 22 ఏళ్ళ పైచిలుకే కాబట్టి 100, 150 ఏళ్ళు దాటాక అది పనికిరాదు. అంతకన్నా కిందికి వెళ్ళాలంటే కార్బన్-14 ఉండాల్సిందే, దాంతో దాదాపు 50,000 ఏళ్ళ దాకా వెళ్ళొచ్చు. కాకపోతే ఆ మట్టిలో చిక్కుకున్న ఆకు ముక్కో గింజో ఏరి, కడిగి, ఆరబెట్టి, యాక్సిలరేటర్ ఉన్న ల్యాబ్‌కి పంపాలి, వాళ్ళు ఒక్కో శాంపిల్‌కీ విడిగా బిల్లు వేస్తారు.

మా పరిశోధనకి డబ్బిచ్చే గ్రాంటు సరిగ్గా అక్కడే ఆగింది. అనుకున్న శాంపిళ్ళలో సగమే వెళ్ళాయి.

నిధుల కోత అంటే జనం తాళం వేసిన ల్యాబునో, ప్లకార్డులు పట్టుకున్న విద్యార్థులనో ఊహించుకుంటారు. నన్నడిగితే 4.3 బొమ్మ చూపిస్తాను. అడ్డంగా లోతు, నిలువుగా కాలం, మధ్యలో ఒక గీత, గీతకి అటూ ఇటూ బూడిదరంగు పట్టీ. ఆ పట్టీ అనిశ్చితి. తేదీ తెలిసిన రెండు పొరల మధ్య మట్టి ఏ వేగంతో పేరుకుని ఉంటుందో సాఫ్ట్‌వేర్ వేల రకాలుగా లెక్కవేసి చూస్తుంది, అవన్నీ ఒకదాని మీద ఒకటి పడితే ఈ రంగు వస్తుంది. తేదీ ఉన్నచోట పట్టీ సన్నగా ఉంటుంది. లేనిచోట కప్పను మింగిన పాములా ఉబ్బుతుంది. నా గ్రాఫులో అది ఎక్కడ ఉబ్బిందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. సుమారు 4,200 ఏళ్ళ కిందట చాలా దేశాల్లో పెద్ద కరువు వచ్చిందంటారు, 2018లో భూవిజ్ఞానులు ఆ ఘట్టం నుంచి ఇప్పటిదాకా ఉన్న కాలానికి మేఘాలయన్ అని పేరు కూడా పెట్టారు, మేఘాలయలోని మామ్లూ గుహ నుంచి తెచ్చిన రాతిని ఆధారంగా తీసుకుని. కరువొస్తే సరస్సులో నీళ్ళు తగ్గి ఉప్పదనం పెరుగుతుంది కదా, నా మట్టిలోనూ ఆ చుట్టుపక్కలే ఉప్పునీటి డయాటమ్‌లు ఒక్కసారిగా పెరిగాయి. స్లైడులో ఎంత స్పష్టంగా ఉందంటే కొత్తవాళ్ళకైనా తెలిసిపోతుంది. కానీ అది ఆ కరువేనా, దానికి రెండు మూడు వందల ఏళ్ళు అటో ఇటో మా సరస్సులో విడిగా జరిగిందేదైనానా అంటే చెప్పలేను. చెప్పగలిగే ఆకుముక్కలు చిన్న గాజు సీసాల్లో, లోతు రాసిన చీటీలతో సహా, నా దగ్గరే ఉన్నాయి. వాటి కోసమే మొదలుపెట్టిన పీహెచ్‌డీ ఇది!

మీటింగులో దీని గురించే మాట్లాడుకున్నాం. పరిమితుల సెక్షన్‌లో, మధ్యలో గ్రాంటు రద్దవడం వల్ల ఇన్ని శాంపిళ్ళకి తేదీలు వేయించలేకపోయాం అని రాశాను. మేడం పెన్ను పెట్టి కొట్టేశారు. "నిజమేనమ్మా, కానీ ఎగ్జామినర్‌కి జాలిపడమని అడుగుతున్నట్టుంటుంది, ఏ లోతులో తేదీ లేదో రాసి వదిలెయ్యి, ఎందుకు లేదో వైవాలో అడిగితే చెబుదువుగాని" అన్నారు. నాకు నచ్చలేదు. ఇలా అందరం మర్యాదగా వదిలేస్తూ పోతే, రేపెవరో ఈ థీసిస్ తెరిచి ఈ పిల్ల సగం పని చేసి ఊరుకుందేంటి అనుకోదూ? ఇంకో తమాషా, మధ్యలో ఆపేసిన ఆ గ్రాంటు నంబరుని కృతజ్ఞతల పేజీలో తప్పనిసరిగా వేయాలట, రూలు. సరే, వేశాను.

సాయంత్రం ఫ్రీజర్ దగ్గర మా జూనియర్ వచ్చి సాయం చేశాడు. కరెంటు, మరమ్మతు ఖర్చులు తగ్గించుకోమని పైనుంచి మాట వచ్చింది, రెండు ఫ్రీజర్లలో సామాను ఒకదానిలోకి సర్దాలి. దాన్ని చూసుకునే టెక్నీషియన్ పోస్టు ఇప్పుడు లేదు. ఒకప్పుడు గ్రాంటులో యూనివర్సిటీ ఓవర్‌హెడ్ కింద, అంటే నిర్వహణ ఖర్చులకని, కోసుకునే వాటా చూసి నేనూ అందరిలాగే విసుక్కునేదాన్ని, ఆ టెక్నీషియనూ లైబ్రరీ జర్నళ్ళూ చాలావరకు అందులోంచే నడిచేవని తర్వాత తెలిసింది. అమెరికాలో వైద్య పరిశోధనలకి నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ 2025 ఫిబ్రవరి 7న ఆ ఓవర్‌హెడ్‌ని 15 శాతానికి మించనివ్వమంటే అంత గగ్గోలు అందుకే పుట్టింది. కోర్టు దాన్ని ఆపింది గానీ భయం ఆగలేదు, మార్చిలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్ అప్పటికే ఇచ్చిన పీహెచ్‌డీ ఆఫర్లను వెనక్కి తీసుకుంది. అదే ఏడాది జనవరిలో బ్రిటన్‌లో కార్డిఫ్ యూనివర్సిటీ 400 ఉద్యోగాలు తీసేసే ప్రతిపాదన పెట్టింది. మా జూనియర్‌కి ఇవన్నీ నోటికొచ్చు. గ్లవ్స్ వేసుకుని డబ్బాలు అందిస్తూనే, "అక్కా, నేను ఫీల్డుకి వెళ్ళకుండా అయిపోయే టాపిక్ చూసుకోనా?" అన్నాడు. నియోటోమా డేటాబేస్‌లో ప్రపంచంలోని పాత సరస్సుల డేటా ఉచితంగా దొరుకుతుంది, దానిమీదే థీసిస్ రాసేస్తాడట. తప్పేం లేదు, తెలివైన పనే. కానీ అందరూ అదే చేస్తే ఆ డేటాబేస్‌లోకి కొత్త మట్టి ఎవరు తెస్తారని అడగబోయి ఊరుకున్నాను, వాడి ఫెలోషిప్ ఇంకా తేలలేదు.

ఆ వాక్యం మేడం చెప్పినట్టే మార్చాను. కానీ అనుబంధంలో ఒక పట్టిక చేర్చాను: పంపని శాంపిళ్ళ జాబితా, ఒక్కోటి ఏ లోతులోది, ఏ మొక్క ముక్క, ఎంత బరువు, ఏ పెట్టెలో ఉంది. మేడం దాన్ని కొట్టెయ్యలేదు, పెట్టెకి తన గదిలో అరలో చోటిస్తానన్నారు కూడా. "ఎప్పుడైనా డబ్బొస్తే ముందు ఇవి పంపించరా" అని జూనియర్‌కి అప్పజెప్పాను. "డబ్బొస్తే ముందు నా ఫెలోషిప్ ఇమ్మనండక్కా" అన్నాడు వాడు, ఫ్రీజర్ ప్లగ్గు పీకుతూ.