కుయా వెనిగర్, మన తాటికల్లు

ఆదివారం పొద్దున్న మా గాజువాక చికెన్ కొట్టు దగ్గర ఎవరినైనా అడిగేది ఒకటే మాట, "కర్రీ కట్టా, బిర్యానీ కట్టా?" రెండూ వద్దు, కాళ్లు కాళ్లుగానే ఉంచెయ్, స్కిన్ తియ్యకు అంటే కొట్టతను "ఈరోజు మళ్లీ ఆ నల్లకూరేనా అన్నా" అంటాడు. ఆ నల్లకూర పేరు అడోబో. ఫిలిప్పీన్స్ వాళ్ల వంట. నేను నేర్చుకున్నది ఖతార్‌లో, అల్ ఖోర్ దగ్గర మా క్యాంపు వంటగదిలో, నాకన్నా పదేళ్లు పెద్దయిన ఒక పైప్ ఫిట్టర్ దగ్గర. ఆయన్ని అందరం కుయా అనేవాళ్లం. వాళ్ల భాషలో కుయా అంటే అన్న.

నేను ఆర్గాన్ వెల్డర్ని. 2013లో వెళ్లి 2022లో వచ్చేశాను. పనంతా రాస్ లఫాన్‌లోనే, దోహాకి ఉత్తరంగా 80 కిలోమీటర్లు ఉంటుంది, గ్యాస్ ప్లాంట్లన్నీ అక్కడే. తెల్లవారుజామున నాలుగింటికి బస్సు. అంటే మధ్యాహ్నం క్యారేజీలోకి కావలసింది ముందురోజు రాత్రే వండుకోవాలి. వెళ్లిన కొత్తలో, జూన్ నెల, రాత్రి పదింటికి కొబ్బరి, ఉల్లిపాయ ముద్ద వేసి అమ్మ చేసినట్టే చికెన్ కూర చేసి క్యారేజీ కట్టుకున్నాను. సైటులో మూత తీసేసరికి కూర మీద సన్నగా నురగ, పుల్లటి కంపు. ఆ ఎండలకి ఏం నిలుస్తుంది? పారబోసి ఉత్తన్నం ముందు పెట్టుకుని కూర్చుంటే, పక్కన కూర్చున్న కుయా మాట్లాడకుండా తన డబ్బాలోంచి రెండు నల్లటి ముక్కలు తీసి నా అన్నం మీద పెట్టాడు. ఆయన వండింది నాకన్నా ముందే, సాయంత్రం ఏడింటికి. అయినా ఏమీ కాలేదు.

ఎందుకు కాలేదో అడిగితే ఆయన చెప్పింది ఒకే మాట, "సుకా". అంటే వెనిగర్.

అక్కడ మొదలైంది నాకు ఈ పిచ్చి. ఏ దేశం వాడు మాంసం వండుతున్నా అందులో పులుపు ఏమిటని చూడటం. మనకి మాంసంలో పులుపు కొత్త కాదు కదా, గోంగూర మాంసం ఉంది, చింతచిగురు వేటమాంసం ఉంది, వేసవిలో మామిడికాయ వేస్తాం. కాని అది మన ఒక్కళ్ల సంగతే అనుకునేవాణ్ణి. అల్ ఖోర్‌లో తొమ్మిదేళ్లు చూశాక నాకు అనిపించిందేమిటంటే, కారం, మసాలా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవి, మిరపకాయే మనది కాదు, సముద్రం దాటి వచ్చింది. పులుపు మాత్రం ఆ ఊరి చెట్టు మీంచి వస్తుంది. మనిషి ఎక్కడివాడో వాడి కూరలో పులుపు చెబుతుంది.

మా క్యాంపు వంటగదిలో గోడ పొడుగునా గ్యాస్ పొయ్యిలు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా లైనే. నేపాల్ వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు, కేరళ వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మనవాళ్లు. నేనూ, నేపాలీ దాయిలూ (దాయి అన్నా అన్నే) పెద్దమాంసం తినం, బంగ్లాదేశ్ వాళ్లకి పందిమాంసం కుదరదు. కుయా వాళ్ల ఊళ్లో అడోబో ఎక్కువగా పందిమాంసంతోనే చేసుకుంటారట, అందరూ వాడే ఆ వంటగదిలో మాత్రం ఆయన ఎప్పుడూ అది తేలేదు. ఎవరూ అడక్కుండానే ఒక లెక్క కుదిరిపోయింది, అందరి గిన్నెలోనూ చికెనే. అందుకే ఒకరి గిన్నెలోంచి ఇంకొకరు గరిటెతో తీసుకుని రుచి చూడగలిగేవాళ్లం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, భాష రాని మనుషుల మధ్య స్నేహం ఆ గరిటెతోనే మొదలవుతుంది.

అడోబో ఎలా చేస్తారో చెబుతాను, చాలా తేలిక. కిలో చికెన్‌కి అర కప్పు సోయాసాస్, అర కప్పు కంటే కొంచెం తక్కువ వెనిగర్, ఒక పెద్ద వెల్లుల్లి గడ్డ మొత్తం ఒలిచి చితక్కొట్టి, ఒక చెంచా మిరియాలు (పొడి చెయ్యొద్దు), మూడు నాలుగు బిర్యానీ ఆకులు, ఒక కప్పు నీళ్లు. ఉప్పు వెయ్యొద్దు, సోయాసాస్‌లో ఉన్నది చాలు. పసుపు లేదు, కారం లేదు, అల్లం కూడా లేదు. సత్తుగిన్నె మాత్రం వద్దు, చింతపండు పులుసుకి ఎందుకు వద్దంటామో దీనికీ అందుకే వద్దు, స్టీలుదో మట్టి దాకో పెట్టండి. మూత పెట్టకుండా పొయ్యి మీద పెట్టి, మరిగి వెనిగర్ ఘాటు ముక్కుకి తగలడం తగ్గేదాకా గరిటె పెట్టకూడదు. కుయా ఈ ఒక్క విషయంలో చాలా గట్టిగా ఉండేవాడు. కదిపితే పచ్చి పులుపు కూరలోనే ఉండిపోతుందని ఆయన నమ్మకం. ఒకసారి నేను అలవాటుగా గరిటె పట్టుకుంటే నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. పైపు వెల్డింగులో రూట్ రన్, అంటే అతుకు అడుగున వేసే మొదటి వరస, తొందరపడితే ఏమవుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఘాటు పోయాక మూత పెట్టి సన్నసెగ మీద అరగంట పైన. ఆఖర్న ముక్కలు బయటికి తీసి, కొంచెం నూనెలో స్కిన్ వైపు ఎర్రగా వేయించి, ఈలోగా గిన్నెలో పులుసు సగానికి మరగనిచ్చి అందులో మళ్లీ వెయ్యాలి. నల్లగా, జిగురుగా ముక్కకి పట్టేస్తుంది. వేడి అన్నంలో తినాలి. మర్నాటికి ఇంకా బాగుంటుంది, మన చేపల పులుసులాగే.

వైజాగ్ వచ్చాక మొదటిసారి చేస్తుంటే అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి "పసుపు లేకుండా మాంసం ఏంట్రా, నీచు కంపు కొట్టదూ" అంది. నీచు రాలేదు, వెల్లుల్లీ వెనిగరూ దాన్ని ఉంచవు. కాని కూర నాకే నచ్చలేదు. గొంతులో గీరినట్టు ఉంది. కొట్లో దొరికే సింథటిక్ వెనిగర్‌లో పులుపు తప్ప ఇంకేమీ లేదు, కుయా వాడేదానిలో ఏదో తీపి వాసన ఉండేది. తగ్గించి చూశాను, బెల్లం వేసి చూశాను. కుదరలేదు. చివరికి కుయాకి ఫోన్ చేశాను. ఆయన కూడా ఇంటికి వెళ్లిపోయాడు, ఇలోయిలో దగ్గర పల్లె. క్యాంపులో ఉన్నప్పుడు సీసాలో దొరికేది చెరకు వెనిగర్ గాని, మా ఊళ్లో వాడేది తుబాతో చేస్తాం అన్నాడు. తుబా అంటే ఏమిటన్నాను. వీడియోలో చూపించాడు. కొబ్బరిచెట్టెక్కి గెల గీసి దించిన తెల్లటి నీళ్లు.

కల్లు! కల్లు పులిసిపోతే అయ్యేదే వాళ్ల సుకా.

సబ్బవరం వైపు మాకు తెలిసిన మావయ్య ఒకాయన తాటిచెట్లు గీస్తాడు. ఆయన దగ్గరికెళ్లి, ముంతకి సున్నం రాయని కల్లు కావాలి, నీళ్లు కలపనిది అని రెండు లీటర్లు తెచ్చాను. సున్నం రాస్తే పులవదు, తియ్యగా నీరాలా ఉండిపోతుంది, మనకి కావలసింది పులవడం. గాజు జాడీలో పోసి, మూత బిగించకుండా మల్లుగుడ్డ కట్టి, వంటింట్లో చీకటి మూల పెట్టాను. కల్లులో తీపి ముందు మత్తుగా మారుతుంది, తర్వాత గాలి తగిలేకొద్దీ ఆ మత్తు పులుపవుతుంది, అందుకే గుడ్డ. మొదటి వారం బుసబుసమని పొంగింది, ఇల్లంతా కల్లు పాకలా ఉందని మా ఆవిడ ఒప్పుకోలేదు, బయట బాత్రూమ్ పక్కన పెట్టాం. మూడో వారానికి పైన పల్చటి మీగడలాంటి పొర కట్టింది. పాడైందనుకుని పారబొయ్యబోతే కుయా వద్దన్నాడు, ఆ పొరే వెనిగర్ తల్లి అన్నాడు. నెలన్నరకి వడగట్టి చుక్క నాలిక మీద వేసుకుంటే, అదే. అదే తీపి వాసన. ఆ రోజు చేసిన అడోబో మా అమ్మాయి వేళ్లు నాక్కుంటూ తింది, అమ్మ రెండోసారి పులుసు పోసుకుంది. పసుపు మాటెత్తలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 2016లో మా కంపెనీలో మూడు నెలలు జీతాలు ఆగిపోయాయి. ఆ కంపెనీ పేరు ఇప్పుడు ఎందుకు. తిండికి ఇచ్చే డబ్బులు కూడా సరిగా రాలేదు. (కంపెనీ భోజనం పెట్టకపోతే నెలకి 300 రియాళ్లు ఇవ్వాలన్న చట్టం అమల్లోకి వచ్చింది 2021 మార్చిలో.) ఇంటికి డబ్బు పంపలేని టెన్షన్ ఒక పక్క, ఆకలి ఒక పక్క. అప్పుడు మా గది, కుయా గది, దాయిల గది కలిసి ఒకే గిన్నె పెట్టాం. చికెన్ తక్కువ, నీళ్లు ఎక్కువ. ఒకరోజు నా దగ్గరున్న చింతపండు చూసి కుయా ఇటు ఇవ్వమని, చికెన్ ఉడుకుతున్న నీళ్లలో పిసికి, ముల్లంగి, బెండకాయ, చామదుంప వేశాడు. సినిగాంగ్ అన్నాడు. నేను గిన్నెలోకి చూస్తే మా ఇంటి దప్పళం కనిపించింది. పోపు ఒక్కటే తక్కువ. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. తర్వాత ఒక శుక్రవారం ఇండియన్ షాపులో గోంగూర కట్టలు కనిపిస్తే కొన్నాను, కుయా ఆకు తుంచి నమిలి "లాబోగ్!" అని గట్టిగా అరిచాడు, వాళ్ల అమ్మ నాటుకోడిలో వేసేదట. ఆ రోజు గోంగూర చికెన్ ఆయనే వండాడు, నేను చివర్లో ఎండుమిర్చి పోపు పెట్టాను.

మరుసటి ఏడు, 2017 జూన్ 5న, సౌదీ వాళ్లు సరిహద్దు మూసేశారు. ఖతార్‌కి ఉన్న రోడ్డు దారి అదొక్కటే. రంజాన్ నెల. ఆ రాత్రే సూపర్ మార్కెట్లో చికెన్, పాలు, పెరుగు అరలు ఖాళీ. కొన్నాళ్లకే టర్కీ నుంచి విమానాల్లో వచ్చిన పెరుగు డబ్బాలు కనిపించాయి. మా సిరియా ఫోర్‌మన్ ఆ గట్టి పెరుగుతో షిష్ తావూక్ చేయించాడు, చికెన్ ముక్కలకి పెరుగు, వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి రాత్రంతా ఉంచి బొగ్గుల మీద కాల్చడం. ఇందులో జాగ్రత్త ఒకటే, నిమ్మరసం ఎక్కువైతే తెల్లారేసరికి ముక్క పైన తెల్లగా పాలిపోయి పిండిపిండిగా అవుతుంది. పెరుగు అలా చెయ్యదు, నెమ్మదిగా మెత్తబరుస్తుంది.

ఇక నల్లనిమ్మ, అంటే నల్లబడేదాకా ఎండబెట్టిన నిమ్మకాయ. అరబ్బులు లూమీ అంటారు. మజ్బూస్ అనే వాళ్ల మాంసం అన్నంలో ప్రాణం అదే. నాకు నేర్పింది మెస్సులో పనిచేసే కేరళ ఇక్కా (ఇక్కా అన్నా అన్నే), అంతకుముందు ఒక ఖతారీ ఇంట్లో వంటమనిషి. వేటమాంసం దాల్చినచెక్క, ఏలకులు, ఉల్లిపాయతో ఉడుకుతున్నప్పుడు రెండు లూమీలకి చిల్లులు పొడిచి వెయ్యాలి, గింజలు ముందే తీసేస్తే చేదు రాదు. ఆ ఉడికిన నీళ్లలోనే బాస్మతి. లూమీ వాసన చెప్పడం కష్టం, నిమ్మ ఊరగాయ జాడీ మూత తీసినప్పుడు వచ్చే వాసనకి కొంచెం పొగ కలిస్తే ఎలా ఉంటుందో అలా.

వచ్చేటప్పుడు తెచ్చిన లూమీలు ఆరునెలల్లో అయిపోయాయి. నేనే చేద్దామని పాతిక నిమ్మకాయలు ఉప్పునీళ్లలో ఉడికించి మేడ మీద ఎండబెట్టాను. అది అక్టోబరు. మన సముద్రం గాలి తడి సంగతి తెలిసిందే, నాలుగో రోజుకి బూజు. అన్నీ పోయాయి. మరుసటి ఏడు రోహిణి కార్తె దాకా ఆగి, అమ్మ వడియాలు పెట్టే చీర పక్కనే జల్లెడలో పెట్టి, సాయంత్రం మంచు పడకుండా లోపలికి తెచ్చుకుంటూ ఇరవై రోజులు ఎండబెట్టాను. గవ్వల్లా తేలికై, ఊపితే లోపల గలగలమన్నాయి. పగలగొడితే లోపల బొగ్గులా నల్లగా. అమ్మ ఒకటి తీసుకుని వాసన చూసి, కొంగున కట్టుకుని పోయింది. తర్వాత తెలిసింది, చారులో వేసి చూసిందట.

మొన్న మా అప్ప, బావ అనకాపల్లి నుంచి వస్తే మజ్బూస్ చేశాను. బావ మొదట "బిర్యానీలో కారం మర్చిపోయావురా" అన్నాడు, తర్వాత మాట్లాడకుండా మూడుసార్లు పెట్టించుకున్నాడు. అప్ప మాత్రం అడోబో దగ్గరే ఆగిపోయింది. వెళ్తూ వెళ్తూ కల్లు వెనిగర్ ఓ సీసా అడిగింది, ఉన్నది కార్తీక మాసం వచ్చేదాకా మాకే చాలదు. అమ్మ అప్పుడే సబ్బవరం మావయ్యకి ఫోన్ చేసి చెప్పింది, వచ్చే వేసవికి నాలుగు లీటర్లు కావాలి, సున్నం రాయకు, నీళ్లు కలపకు అని.