పాటల యాప్ కొత్త డిజైన్: తేదీ కాదు, పండుగే ముందు

హోమ్ స్క్రీన్ మొత్తం మార్చేశాను. కొత్తగా చదివేవాళ్ల కోసం: ఇది హన్మకొండలో ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు ఫ్లటర్‌లో (యాప్‌లు తయారుచేసే టూల్) రాసుకుంటున్న చిన్న ఆండ్రాయిడ్ యాప్. ఒక పాటకి ఒక ఫొటో, నాలుగు మాటలు, ఉంటే ఇంట్లోవాళ్లు పాడిన రికార్డింగ్ కలిపి యాదిగా దాచుకోవచ్చు.

పాత వర్షన్ తేదీ మీద నడిచేది, "ఏడాది క్రితం ఇదే రోజు" అని నోటిఫికేషన్ వచ్చేది. పుట్టినరోజులకి అది సరిపోతుంది గానీ మన ఇళ్లలో పాటలు ఎక్కువగా పండుగలతో ముడిపడి ఉంటాయి, పండుగలేమో తిథిని బట్టి వస్తాయి. మేడారం జాతర 2022లో ఫిబ్రవరి 16న మొదలైంది, 2024లో ఫిబ్రవరి 21న, 2026లో జనవరి 28న. రెండేళ్లకోసారి వచ్చే జాతరకి "ఏడాది క్రితం" అనే లెక్కే కుదరదు. అందుకే ఎస్‌క్యూలైట్‌లో (ఫోన్‌లోనే ఉండే చిన్న డేటాబేస్) సందర్భాలకి వేరే టేబుల్ పెట్టి, యాదుల టేబుల్‌కి సందర్భం, సంవత్సరం అని రెండు కాలమ్‌లు కలిపాను. ఇప్పుడు యాప్ తెరవగానే దగ్గర్లో ఉన్న పండుగ, దాని కింద పాత ఏళ్ల యాదులు కనిపిస్తాయి.

తిథిని యాప్‌లోనే లెక్కగట్టొచ్చు, కానీ వద్దనుకున్నాను. రాబోయే తేదీలు ఒక జేసన్ ఫైల్‌లో (మామూలు టెక్స్ట్ జాబితా లాంటిది) ఉంటాయి, ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు, ఎందుకంటే పండుగ ముగిసే సద్దుల బతుకమ్మ అన్ని ఊళ్లలో తొమ్మిదో రోజే కాదు, వేములవాడలో ఏడో రోజే చేస్తారు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మను పేర్చరు, కాబట్టి యాప్ కూడా ఆ రోజు ఏ నోటిఫికేషనూ పంపదు. ఈ చిన్న సంగతి నాకు భలే నచ్చింది.

ఇక వెతకడం. మా పెద్దమ్మకి ఫోన్ ఇచ్చి ఒక పాట తీయమంటే పేరుతో వెతకనే లేదు, "మీ చిన్నత్త అందుకున్న పాట ఏడున్నదిరా బిడ్డా" అంది. నిజమే కదా, బతుకమ్మ పాటల్లో సగం "ఉయ్యాలో" అనో "చందమామ" అనో ముగుస్తాయి, పేరు కంటే ఎవరు అందుకున్నారు, ఏ వాకిట్లో ఆడారు అన్నదే గుర్తుంటుంది. అందుకని కార్డు మీద పెద్ద అక్షరాల్లో పాడినవాళ్ల పేరు, కింద ఊరు, ఆ తర్వాతే పాట పేరు. లైన్ హైట్ (వరుసకిచ్చే ఎత్తు) 1.2 ఉంటే "లక్ష్మి"లో కింది వత్తు కోసుకుపోయేది, 1.5కి పెంచితే సరిపోయింది. బటన్లన్నీ కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ మీది సైజు కొలత), పెద్దవాళ్ల వేళ్లకి అంతకన్నా చిన్నవి అందవు.

ఎక్కువ టైమ్ తిన్నది రికార్డింగ్. ఫోన్‌లో నాయిస్ సప్రెషన్ (చుట్టుపక్కల చప్పుడు తగ్గించేది) ఆన్‌లో ఉంటే ముందు పాడే గొంతు ఒక్కటే మిగిలి, వెనక అందుకునే గొంతులు, చప్పట్లు నలిగిపోతాయి. ఆ చప్పట్లు లేకపోతే అది బతుకమ్మ పాటే కాదు! ఆండ్రాయిడ్ 7 నుంచి 'అన్‌ప్రాసెస్డ్' అనే ఆడియో సోర్స్ ఉంది, అంటే మైక్ సౌండ్‌ని ఏమీ మార్చకుండా ఇచ్చేది, ఫోన్ సపోర్ట్ చేస్తే అది, లేకపోతే 'వాయిస్ రికగ్నిషన్' వాడుతున్నాను. ఫోన్‌ని ఆడేవాళ్ల మధ్యలో కాకుండా నాలుగడుగులు బయట పెడితే చప్పట్లకి సౌండ్ పగలట్లేదు. రికార్డింగ్ ఫార్మాట్ ఏఏసీ, మోనో (ఒకే చానెల్), సెకనుకి 64 కిలోబిట్లు పెట్టాను, నిమిషానికి దాదాపు 480 కేబీ అవుతుంది, పాత ఫోన్లకి కూడా బరువు కాదు.

ఫొటోలకి సిస్టమ్ ఫొటో పికర్ (ఫొటో ఎంచుకోడానికి ఆండ్రాయిడ్ ఇచ్చే స్క్రీన్) వాడితే స్టోరేజ్ పర్మిషన్ అడగక్కర్లేదు, అది మార్చేశాను. మిగిలింది బ్యాకప్: డేటాబేస్, ఆడియో, ఫొటోలు కలిపి ఒకే జిప్ ఫైల్‌గా బయటికి తీయాలి, కొత్త ఫోన్‌లో మళ్లీ ఎక్కించాలి. పండుగ మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మలోపు అది పూర్తిచేసి, ముందు మా పెద్దమ్మ ఫోన్‌లోనే వేస్తాను.