థార్‌కు లిఫ్ట్ వేయిస్తే లేచేదేమిటి, లేవనిదేమిటి

వాన వెలిసిన తరువాత నల్లరేగడి నేలలో ట్రాక్టర్లు తిరిగిన బాటను ఒకసారి చూస్తే, బండికి ఎత్తు ఎక్కడ కావాలో తెలిసిపోతుంది. పెద్ద చక్రాలు రెండు వైపులా లోతైన గాడులు కోసి, నడుమ మట్టిని మిట్టగా వదిలేస్తాయి. ఆ గాడుల్లో దిగిన జీపులో మిట్టకు తగిలేది బాడీ కాదు, వెనక యాక్సిల్ (ఇరుసు) మధ్యలో కిందికి ఉబ్బి ఉండే డిఫరెన్షియల్, అంటే ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె. నా మహీంద్రా థార్‌కు సస్పెన్షన్ లిఫ్ట్ వేయించడం గురించి, అంటే స్ప్రింగుల దగ్గర మార్పు చేసి బండిని ఎత్తు చేయించడం గురించి, ఆలోచించినప్పుడు ముందుగా బండి కింద దూరి చూసింది దానినే.

2020లో వచ్చిన థార్‌కు కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగున అన్నిటికన్నా కిందున్న భాగానికీ మధ్య ఎత్తు, 226 మిల్లీమీటర్లు. రెండంగుళాల లిఫ్ట్ వేయిస్తే అది 276 దాటుతుందని చెప్పేవారు చాలామంది ఉన్నారు గానీ ఆ లెక్క నిలవదు. వెనక యాక్సిల్ ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే దూలంలా ఉంటుంది కాబట్టి, పొడవైన స్ప్రింగు వేసినా, ఉన్న స్ప్రింగుకు స్పేసర్ (ఎత్తు పెంచే దిమ్మ) పెట్టినా, లేచేవి ఛాసిస్, బాడీ మాత్రమే. డిఫరెన్షియల్ ఉన్నచోటనే ఉంటుంది. ముందువైపు ఒక్కో చక్రం విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ కనుక అక్కడి డిఫరెన్షియల్ ఛాసిస్‌తో పాటే లేస్తుంది. మారుతి జిమ్నీలో అయితే రెండు యాక్సిళ్లూ దూలాలే, ఆ కాస్త లాభమూ లేదు.

వెనక డిఫరెన్షియల్‌ను లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. 245/75 ఆర్16 సైజు టైరు వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్లు, 265/75 ఆర్16ది 804. అంటే ఇంత ఖర్చుకూ దక్కేది 15 మిల్లీమీటర్లు. పైగా స్పీడోమీటర్ పాత టైరు లెక్కనే చూపుతుంది కనుక, అది నూరు చూపినప్పుడు బండి నిజానికి దాదాపు 104 మీద పోతూ ఉంటుంది.

అలాగని లిఫ్ట్ దండగ అనను. పెద్ద టైరు స్టీరింగ్ తిప్పినప్పుడూ, చక్రం గుంతలోంచి ఎగదన్నినప్పుడూ లోపలి అంచులకు రాసుకోకుండా చోటిచ్చేది అదే. పొలం గట్టు దాటేటప్పుడు బండి నడుము గట్టు మీద కూర్చోకుండా కాపాడేదీ అదే. నడుము తగలకుండా మిట్ట దాటగల కోణం థార్‌కు మామూలుగా 27 డిగ్రీలు, ముందు బంపర్ తగలకుండా ఎక్కగల 41.8 డిగ్రీల కోణంతో పోలిస్తే బాగా తక్కువ. అయితే ఒకటిన్నర అంగుళం దాటి పోవడం నాకు ఇష్టం లేదు. ముందు స్పేసర్ ఎత్తు పెరిగేకొద్దీ ముందు చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టులు ఏటవాలుగా తిరగవలసి వస్తుంది. వాటి జాయింట్ మీది రబ్బరు బూటు (తొడుగు) మడతలు ఒకదానితో ఒకటి రాసుకుని చిరుగుతాయి, గ్రీజు బయటికి చిమ్మి ఆ స్థానంలో దుమ్ము చేరుతుంది, ఆపైన పూర్తి మలుపులో టకటకమనే శబ్దం మొదలవుతుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్మ్ బాల్ జాయింట్ కూడా తన హద్దుకు చేరుతుంది.

చట్టం మాటా చెప్పుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట నిర్దేశించిన, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019లో దీనినే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. లిఫ్ట్ వేసే చోట ఈ మాట ఎత్తేవారు తక్కువ.

పని జరిగేటప్పుడు దగ్గరుండి చూడవలసింది బుష్‌ల, అంటే సస్పెన్షన్ ఆర్మ్‌ల కీళ్లలోని రబ్బరు ముక్కల, బిగింపు. బండి ఇంకా గాలిలో, చక్రాలు వేలాడుతూ ఉండగానే ఆర్మ్‌ల బోల్టులు గట్టిగా బిగించేస్తే, కిందికి దింపిన క్షణం నుంచి లోపలి రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చీలుతుంది. బోల్టులు వదులుగా పెట్టించి, బండి బరువు చక్రాల మీద పడిన తరువాతే బిగించమనాలి. ఎంత లేచిందో కొలిచేటప్పుడు టేపును నేల మీద నుంచి పట్టవద్దు, టైరులో గాలిని బట్టి అంకె మారుతుంది. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా, లిఫ్ట్‌కు ముందొకసారి, తరువాత ఒకసారి, నాలుగు మూలలా కొలవాలి. ఆ తరువాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, హెడ్‌లైట్లను కాస్త కిందికి దించడమూ తప్పనిసరి. లేకపోతే ఎదురొచ్చే బైకు మీది మనిషికి దారి కనిపించదు.